భట్టీ పక్కన బట్టీ

హేమచంద్ యాదవ్ విశ్వవిద్యాలయం, దుర్గ్
కులపతి గారికి,

ముందుగా ఒక సంజాయిషీ. హిందీలో మిమ్మల్ని కులపతి అంటారు. తెలుగులో అదే పదవిని ఉపకులపతి అంటాం, కులపతి అంటే మాకు గవర్నరు గారు. ఈ ఉత్తరంలో ఇక్కడి అలవాటే పాటిస్తున్నాను, తెలుగు పాఠకులు తికమక పడవద్దు. హిందీ ప్రతి ఒకటి మీ కార్యాలయానికి విడిగా పంపాను. తెలుగులో అందరికీ కనబడేలా రాయడం దేనికంటే, భిలాయ్‌లో బీఎస్సీ చదివే మా పిల్లల అమ్మానాన్నలు, తాతలు కూడా చదవాలని. మార్కుల కాగితం చూసి మురిసిపోయేది వాళ్ళే కదా.

నేను సెక్టర్ 7లో ఉంటాను. మా నాన్న శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి భిలాయ్ ఉక్కు కర్మాగారం కోక్ ఓవెన్లలో పనికి కుదిరాడు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ని ప్రారంభించినప్పుడు జనంలో తనూ ఉన్నానని చెప్పేవాడు. ఎక్కడో వెనక నించున్నవాడు ఏడాదికో వరుస చొప్పున ముందుకు జరుగుతూ, చివరికి రాష్ట్రపతి పక్కకే వచ్చేశాడు. నేను ప్లాంటు లాబొరేటరీలో ముప్పైనాలుగేళ్ళు ఉక్కు శాంపిళ్ళు పరీక్ష చేసి రిటైరయ్యాను. ఇప్పుడు సాయంత్రాలు వసారాలో కూచుని కెమిస్ట్రీ చెబుతున్నాను. ఫీజు లేదు. పిల్లలు పోతూ పోతూ జామకాయలు కోసుకుపోతారు, లెక్క సరి.

పోయిన ఆగస్టులో రెండో సంవత్సరం చదివే ఒక అమ్మాయి వచ్చింది. ఏ కాలేజీయో చెప్పను, చెబితే ఇబ్బంది పడేది ఆ పిల్లే. బ్లాస్ట్ ఫర్నేస్ గురించి చెప్పమ్మా అన్నాను. కాగితం తీసుకుని నిమిషంలో సమీకరణాలన్నీ రాసేసింది. ఖనిజం మీద కార్బన్ మోనాక్సైడ్ పనిచేయడం, ఇనుము రావడం, కార్బన్ డయాక్సైడ్ పోవడం, సున్నపురాయి విడిపోవడం, స్లాగ్ తయారవడం. అన్నీ తుల్యం చేసినవే, ఒక్క అంకె తప్పు లేదు.

"మరి ఫర్నేస్ పైనుంచి బయటికొచ్చే గ్యాసులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుందా?" అన్నాను.

"ఉండదు తాతయ్యా. అంతా డయాక్సైడ్ అయిపోయింది కదా, ఇదిగో, ఈక్వేషన్ చూడండి."

"మీ నాన్న డ్యూటీకి పోయేటప్పుడు జేబుకి తగిలించుకుంటాడే, ఆ చిన్న డబ్బా దేనికి?"

"అది గ్యాస్ కోసం."

"ఏ గ్యాసు?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "సీఓ" అంది. వాళ్ళ నాన్న ఫర్నేస్‌లోనే పనిచేస్తాడు.

కులపతి గారూ, ఆ గ్యాసులో అయిదో వంతుకు పైగా కార్బన్ మోనాక్సైడే ఉంటుంది. దాన్నే మళ్ళీ స్టౌవుల్లో మండించి, ఫర్నేస్‌లోకి ఊదే గాలిని వేడి చేస్తారు. రంగులేదు, వాసనలేదు, ప్రాణం తీస్తుంది. ఎలా తీస్తుంది? రక్తంలోని ఇనుముని ఆక్సిజన్ కంటే రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. లోహ కార్బొనిల్‌లలో బంధం ఎలా ఏర్పడుతుందో ఆ అమ్మాయి పరీక్షలో రాసి, మంచి మార్కులే తెచ్చుకుంది. అక్కడ ఇనుమునీ కార్బన్ మోనాక్సైడ్‌నీ కలిపేదీ, రక్తంలో కలిపేదీ దాదాపు ఒకే తీరు బంధమని ఆమెతో ఎవరూ అనలేదు. నాన్న జేబులో డబ్బా ఒకచోట ఉంది, బంధం పాఠం ఇంకోచోట ఉంది, మధ్యలో మా ఇంటి జామచెట్టు.

లె షాటెలియర్ సూత్రానికి కూడా ఆమెకి మంచి మార్కులే. ఆ ఫ్రెంచి ఇంజనీరు సూత్రాన్ని మన పుస్తకాలన్నీ జర్మన్ శాస్త్రవేత్త హేబర్ అమ్మోనియా తయారీతోనే చెబుతాయి. ఆయన స్వయంగా చెప్పిన ఉదాహరణల్లో మాత్రం బ్లాస్ట్ ఫర్నేస్ ఉంది. పైనుంచి కార్బన్ మోనాక్సైడ్ వృథాగా పోతోందంటే ఖనిజంతో కలిసి ఉండే సమయం చాలడం లేదనుకుని, అప్పటి కొలిమి యజమానులు బోలెడు డబ్బు పోసి ఫర్నేస్‌ల ఎత్తు పెంచుకుంటూ పోయారు. గ్యాసు తగ్గలేదు. అది సమయం సమస్య కాదు, సమతాస్థితి. ఎంతసేపు ఉంచినా కొంత మిగిలే తీరుతుంది. ఈ కథని 1888లోనే ఆయన రాశాడు. భిలాయ్‌లో పుట్టి పెరిగిన పిల్లకి సమతాస్థితి నేర్పడానికి ఇంతకంటే దగ్గర దారి ఏముంది? అయినా ఆమె జర్మనీ మీదుగా, అమ్మోనియా మీదుగా తిరిగి వచ్చింది. ఇక్కడ భట్టీ అంటే ఫర్నేస్. మా తెలుగులో బట్టీ అంటే అర్థం తెలియకుండా వల్లె వేయడం. రెండూ ఇంత దగ్గరగా ఉన్న ఊరు ఇంకోటి ఉండదేమో.

ఆ పిల్లది తెలివితక్కువ కాదు. అలా అనుకుంటే నేను ఈ ఉత్తరం రాసేవాణ్ణే కాదు. పర్డ్యూ విశ్వవిద్యాలయంలో జార్జ్ బోడ్నర్ అనే ఆచార్యుడు, కెమిస్ట్రీ పీహెచ్‌డీలో కొత్తగా చేరిన వాళ్ళని ఒక ప్రశ్న అడిగాడు: నీళ్ళు చాలాసేపటి నుంచి మరుగుతున్నాయి, ఆ బుడగల్లో ఏముంది? గాలి అన్నవాళ్ళున్నారు. ఆక్సిజన్, హైడ్రోజన్ అన్నవాళ్ళున్నారు. నీటి ఆవిరి అని చెప్పలేకపోయిన వాళ్ళు చేతిలో డిగ్రీ పట్టుకుని, పరిశోధనకి వచ్చినవాళ్ళు. 1991లో ఆయన దాన్ని అచ్చు వేశాడు. అది చదివిన రోజు నేను మా వసారా పిల్లల్ని అడిగాను, కోక్ మీద నీళ్ళు పోసినప్పుడు ఆకాశంలోకి లేచే తెల్లటి మేఘం ఏమిటని. పొగ అన్నారు. పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్నారు.

బోడ్నర్ కంటే నాలుగేళ్ళ ముందు, 1987లో, నరెన్‌బర్న్, పికరింగ్ అనే ఇద్దరు చేసిన పని మీ ఆచార్యులందరి చేతా ఒకసారి చదివించమని నా మనవి. ఒకే విషయం మీద విద్యార్థులకి రెండు రకాల ప్రశ్నలిచ్చారు. ఒకటి మామూలు లెక్క: సూత్రంలో అంకెలు వేసి జవాబు రాబట్టడం. రెండోది బొమ్మ: మూసిన ఉక్కు పాత్రలో హైడ్రోజన్ ఉంది, అణువుల్ని చుక్కలుగా చూపించాం, ఇప్పుడు చల్లబరిచాం, ఇంకా వాయువుగానే ఉంది, చుక్కలు ఎక్కడుంటాయి? లెక్క చేసేసిన వాళ్ళలో ఎంతోమంది బొమ్మ దగ్గర బోల్తాపడ్డారు. చల్లబడితే చుక్కలన్నీ అడుక్కి చేరతాయనో, గోడలకి అంటుకుంటాయనో అనుకున్నారు. వాయువు వాయువుగానే ఉంటే పాత్ర అంతటా పరుచుకునే ఉంటుందన్నది సూత్రంలో అంకెలు వేసినంత మాత్రాన బుర్రకెక్కలేదు. లెక్క రావడం, విషయం తెలియడం వేర్వేరని అప్పటిదాకా అందరూ అనుమానించినదాన్ని వాళ్ళు కొలిచి చూపించారు.

ఇక్కడ నా వృత్తి మాట ఒకటి. మా లాబొరేటరీలో పొద్దున్నే చేసే మొదటి పని శాంపిల్ పరీక్ష కాదు. ముందు స్టాండర్డ్ శాంపిల్ పెడతాం. అంటే అందులో కార్బన్ ఎంత, ఫాస్ఫరస్ ఎంత అన్నది ముందే రూఢి అయిన ఉక్కు ముక్క. యంత్రం దాన్ని సరిగ్గా చదివితేనే మిగతా శాంపిళ్ళకి దిక్కు. సరిగ్గా చదవకపోతే, అటునుంచి ఫర్నేస్ వాళ్ళు ఫోనులో ఎంత అరిచినా రిజల్టు ఇవ్వం. మన దేశంలో డిగ్రీ పరీక్షలకి ఈ స్టాండర్డ్ శాంపిల్ ఏదీ? ఏ ఒక్క విశ్వవిద్యాలయాన్నో అనడం లేదు. ఏటా ఇన్ని వేల కాగితాలు దిద్దుతున్నాం, ఆ కాగితం తెలివిని కొలుస్తోందో, జ్ఞాపకశక్తిని కొలుస్తోందో, బజార్లో దొరికే కుంజీని, అంటే గైడుని, కొలుస్తోందో ఎవరైనా సరిచూశారా? నరెన్‌బర్న్, పికరింగ్ బొమ్మ ప్రశ్న పెట్టి చేసింది అదే. యంత్రం తప్పు చదువుతోందని తెలుసుకున్నారు.

తప్పు ఎందుకు చదువుతుందో గ్లాస్గోలో అలెక్స్ జాన్‌స్టన్ అనే రసాయనశాస్త్ర ఉపాధ్యాయుడు ఇంకా లోతుగా చూశాడు. కెమిస్ట్రీకి మూడు మూలలున్నాయన్నాడు. కంటికి కనబడేది ఒకటి: ఎర్రటి ఖనిజం, కాగే ఇనుము, పొగగొట్టం. కంటికి కనబడనిది ఒకటి: అణువులు, ఎలక్ట్రాన్లు. కాగితం మీద రాసేది మూడోది: గుర్తులు, సమీకరణాలు. మాష్టారు ఒక్క వాక్యంలో మూడు మూలలూ చుట్టేసి వస్తాడు, తను చుట్టివచ్చానన్న సంగతి తనకే తెలియదు. కొత్తగా నేర్చుకునేవాడి బుర్రలో ఒకేసారి పట్టేవి కొన్నే. మూడూ ఒక్కసారే మీద పడితే, మార్కులు తెచ్చేదాన్ని పట్టుకుని మిగతా రెండూ వదిలేస్తాడు. ఆ అమ్మాయి చేసింది అదే. కాగితం మూలని పట్టుకుంది. నాన్న, ఫర్నేస్, డబ్బా వేరే మూలలో మిగిలిపోయారు.

ఇక ప్రాక్టికల్స్ సంగతి. నా కథే చెబుతాను. నేను డిగ్రీ చదివింది ఇక్కడ కాదు, కోస్తాలో అమ్మమ్మగారి ఊరి దగ్గర ఒక కాలేజీలో, తెలుగు మీడియంలో, తెలుగు అకాడమి పుస్తకాలతో. ఫైనల్ ప్రాక్టికల్ రోజున అటెండరు పక్కగా వచ్చి, రెండు రూపాయలు పుచ్చుకుని, "నీది జింక్ సల్ఫేట్" అని చెవిలో వేశాడు. నేను పరీక్షలన్నీ వెనకనుంచి ముందుకి రాసుకొచ్చాను. కిప్స్ ఉపకరణం దగ్గర కుళ్ళిన గుడ్ల కంపు భరించాల్సిన పనే పడలేదు. తెల్లటి అవక్షేపం వచ్చిందని రాశాను. ఆ అవక్షేపాన్ని నేను ఇప్పటివరకూ చూడలేదు, కులపతి గారూ. మార్కులు మాత్రం నిండుగా వచ్చాయి.

ఆ మార్కులతోనే ప్లాంటులో చేరాను. మొదటి వారంలోనే ఒక ఉక్కు శాంపిల్ ఇచ్చి ఫాస్ఫరస్ చూడమన్నారు. చెవిలో చెప్పే అటెండరు లేడు. ఆసిడ్‌లో కరిగించి, మాలిబ్డేట్ పోసి, పసుపుపచ్చటి అవక్షేపం దిగేదాకా చేతులు వణుకుతూ నించున్నాను. శాతంలో నూరో వంతుల లెక్క అది. కాస్త ఎక్కువైతే ఉక్కు చలికి పెళుసుబారుతుంది, ఆ ఉక్కుతోనే రైలు పట్టాలు చేస్తారు. ఆ సాయంత్రమే నాకు కెమిస్ట్రీ మొదలైందని చెప్పుకోవచ్చు. చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది, భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1925లో ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతి కనిపెట్టింది కూడా ఈ మాలిబ్డేట్ మీదే. ఆయన దాన్ని నీలం రంగులోకి మార్చి రక్తంలో కొలిచాడు, మేం పసుపు రంగులో ఉంచి ఉక్కులో కొలిచాం. నా పాఠ్యపుస్తకంలో మాలిబ్డేట్ పరీక్ష ఉంది. సుబ్బారావు గారు లేరు, ఉక్కూ లేదు.

పాఠం ఎలా చెబితే మేలన్న దాని మీద కూడా చూసినవాళ్ళున్నారు. 2014లో అమెరికాలో స్కాట్ ఫ్రీమన్ బృందం 225 అధ్యయనాలను ఒకచోట చేర్చి లెక్క తీసింది. మాష్టారు చెబుతుంటే విని రాసుకునే తరగతుల్లో నూటికి దాదాపు 34 మంది తప్పారు. మధ్యలో ఆపి పిల్లల చేత ఆలోచింపజేసి, మాట్లాడించి, చేయించిన తరగతుల్లో 22 మంది. అవన్నీ మన తరగతులు కావు, నాకూ తెలుసు. కదలని బెంచీలు, ఎనభై మంది, పీరియడుకింత అని జీతం తీసుకునే అతిథి అధ్యాపకుడు, గడువులోపు పూర్తిచేయాల్సిన సిలబస్. అమెరికా పద్ధతిని మొత్తంగా ఎత్తుకొచ్చి ఇక్కడ నాటమంటే నేనే ఒప్పుకోను. కానీ పావుగంటకోసారి ఒక ప్రశ్న వేసి, "పక్కవాడితో రెండు నిమిషాలు మాట్లాడండి" అనడానికి గ్రాంటు అక్కర్లేదు. ప్రొజెక్టరూ అక్కర్లేదు.

ఆ రెండు నిమిషాలు ఏ భాషలో మాట్లాడుకుంటారన్నది కూడా ముఖ్యమే. మా వసారాలో తెలుగు, హిందీ, ఛత్తీస్‌గఢీ మూడూ కలిసిపోతాయి, రాయడం మాత్రం ఇంగ్లీషు. నాకిది లోపంగా కనబడదు. తెలుగు అకాడమి పుస్తకంలో రిడక్షన్‌ని క్షయకరణం అన్నారు, మీ హిందీలో అపచయన్. క్షయ అంటే నాకు టీబీయే గుర్తొచ్చేది. మట్టిలాంటి ఖనిజంలోంచి నిగనిగలాడే ఇనుము పుడుతుంటే క్షీణించేది ఏమిటని తెగ ఆలోచించేవాణ్ణి. ప్లాంటులో తూకం చూశాక తెలిసింది. దల్లీ రాజహరా గనుల నుంచి వచ్చేది హెమటైట్. స్వచ్ఛమైన హెమటైట్ నూరు కిలోలకి ఇనుము డెబ్భై కిలోలే. ముప్పై కిలోల ఆక్సిజన్ పోయింది, అదీ క్షయం. ఈ సంగతి ఛత్తీస్‌గఢీలో చెప్పినప్పుడు ఒక కుర్రాడు, "అయితే మరి ఆ ముప్పై కిలోలు ఎటుపోయాయి?" అన్నాడు. నేను కోరుకునే ప్రశ్న అదే. ఇంగ్లీషులో అడగమంటే ఆ కుర్రాడు నోరు తెరిచేవాడు కాదు.

ఇప్పుడు అసలు విన్నపానికి వస్తాను. మన కాలేజీ అధ్యాపకులు పరిశోధన చేస్తారు, చేయక తప్పదు, పదోన్నతి దానితో కూడా ముడిపడి ఉంది. ఏడాదికో కొత్త షిఫ్ బేస్ సమ్మేళనం, దానికో రాగి కాంప్లెక్సు, ఒక పేపరు. వెక్కిరించడం లేదు, ఆ పనిలోనూ చెమట ఉంది. కానీ సరైన పరికరాలు లేని కాలేజీలో, ఎవరూ చదవని పత్రిక కోసం ఆ కాంప్లెక్సు చేస్తున్న అధ్యాపకుడి ఎదురుగానే రోజూ ఎనభై బుర్రలు కూచుని ఉంటాయి. ఒక పాఠం రెండు విధాలుగా చెప్పి, ముందూ వెనకా ఒకే బొమ్మ ప్రశ్న ఇచ్చి, ఏది పట్టుబడింది, ఏది జారిపోయింది అని చూసి రాస్తే అదీ పరిశోధనే. ఖర్చు జిరాక్సు కాగితాలు. అమెరికాలో దీనికోసం 1924 నుంచి ఒక పత్రిక నడుస్తోంది. బ్రిటన్‌లోని రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీ పత్రిక ఒకటి డబ్బు కట్టకుండానే చదువుకోవచ్చు. మన దేశంలో ముంబయిలోని హోమీ భాభా విజ్ఞాన విద్యా కేంద్రం 1974 నుంచి ఇదే పని మీద ఉంది. కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. తరగతి గది మీద చేసిన పరిశోధనని కూడా పరిశోధనగా లెక్కిస్తాం అని మీ నోట ఒక మాట, మీ సంతకంతో ఒక కాగితం రావాలి. ఆ కాగితం వస్తే షిఫ్ బేస్ చేతిలో ఉన్న అధ్యాపకుల్లో కొందరైనా ఇటు తిరుగుతారని నా నమ్మకం.

రెండో విన్నపం చిన్నది. ప్రతి కెమిస్ట్రీ పేపర్లో ఒక్క ప్రశ్న, పది మార్కులు చాలు, ఏ కుంజీలోనూ లేనిది పెట్టించండి. బొమ్మ గీయమనాలి, లేదా ఎందుకో చెప్పమనాలి. మొదటి ఏడాది గగ్గోలు పెడతారు. కోచింగు వాళ్ళు మూడో ఏటికల్లా దానికీ కుంజీ తెస్తారు, అప్పుడు ప్రశ్న మార్చాలి. ప్రశ్నపత్రం రాసేవాళ్ళకి పని పెరుగుతుంది, మా లాబొరేటరీలో కూడా స్టాండర్డ్ శాంపిల్ పెట్టడం అదనపు పనే.

ప్లాంటు చూపించడం గురించి కూడా ఒకమాట. బస్సులో ఎక్కించి, హెల్మెట్లు పెట్టి, ఫోటో తీయించి, సమోసా పెట్టి పంపితే అది మైత్రీ బాగ్ జూ చూసొచ్చినట్టే. వెళ్ళే ముందు పిల్లల చేతిలో ఒక ప్రశ్న ఉండాలి. కోక్ ఓవెన్ గ్యాసులో అమ్మోనియా ఎక్కడిది, అది ఎరువు ఎలా అయింది? స్లాగ్ ఇనుము మీద ఎందుకు తేలుతుంది? జవాబులు చెప్పడానికి ఈ టౌన్‌షిప్‌లో సెక్టరుకి పదిమంది రిటైరైన వాళ్ళం దొరుకుతాం. మాకు గౌరవ వేతనం వద్దు. ఎవరైనా వింటే చాలు, ఇంట్లో ఎటూ వినరు.

ఈ ఉత్తరంతో రెండు బొమ్మలు జతచేశాను. ఫర్నేస్ పైనుంచి వచ్చే గ్యాసుని చుక్కలుగా గీయమంటే ఆ అమ్మాయి గీసినవి. ఆగస్టులో గీసిన బొమ్మలో కార్బన్ డయాక్సైడ్ తప్ప ఇంకేమీ లేదు. డిసెంబరులో గీసినదాంట్లో మోనాక్సైడ్, డయాక్సైడ్ కలగలిసి ఉన్నాయి, దామాషా కూడా నిజానికి దగ్గరగానే ఉంది. వాళ్ళ నాన్నని అడిగి వేసిందట. కానీ అందులో ఇంకో వాయువు లేదు, దాదాపు సగం ఉండాల్సింది. ఫర్నేస్‌లోకి ఊదేది ఏమిటన్నది ఆమెకి ఇంకా తట్టలేదు. నేను చెప్పలేదు. వచ్చే వారం వస్తానంది.

ఇట్లు,
సెక్టర్ 7, భిలాయ్ నుంచి
ఒక రిటైర్డ్ అనలిస్టు